ఇంగ్లిష్ సందేహాలు: ‘గా’ ఉన్నచోటల్లా ‘లీ’ చేర్చవచ్చా?

ఈసారి కడప జిల్లా పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంగ్లిష్ విశేషణాలు, క్రియావిశేషణాల గురించే ఉన్నాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా కాలేజీ పత్రిక కోసం కడప కారం దోశ మీద ఒక పేరా రాస్తూ ‘ద దోశ టేస్ట్స్ డెలిషస్లీ’ అన్నాను. మా లెక్చరర్‌గారు చివరి ‘లీ’ కొట్టేశారు. తెలుగులో ‘దోశ రుచిగా ఉంది’ అంటాం కదా, మరి ఇంగ్లిష్‌లో క్రియావిశేషణం ఎందుకు పనికిరాదు?
– డిగ్రీ విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: మీ లెక్చరర్‌గారు దిద్దినదే సరైనది. అయితే మీ సందేహానికి మూలం ఇంగ్లిష్‌లో కన్నా తెలుగులోనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. మన ‘గా’ ప్రత్యయం రెండు వేర్వేరు పనులు చేస్తుంది. ‘ఆమె అందంగా రాస్తుంది’ అన్నప్పుడు ‘అందంగా’ అనే మాట రాయడమనే పనిని గురించి చెబుతుంది; ‘ఆమె అందంగా ఉంది’ అన్నప్పుడు అదే మాట ఆ మనిషిని గురించి చెబుతుంది. రూపం మారదు కాబట్టి ఈ తేడా మన దృష్టికి రాదు, తెలుగు రాసేటప్పుడు దానితో మనకు అవసరమూ పడదు. ఇంగ్లిష్ మాత్రం ఈ రెంటికీ రెండు రూపాలు కేటాయించింది: మొదటిదానికి ‘షీ రైట్స్ బ్యూటిఫుల్లీ’, రెండోదానికి ‘షీ ఈజ్ బ్యూటిఫుల్’.

ఇక్కడ చిక్కేమిటంటే, మనం ‘ఉంది’ అనే అర్థాన్ని ఇంగ్లిష్ ఒక్క ‘ఈజ్’తోనే సరిపెట్టుకోదు. ‘లుక్’, ‘స్మెల్’, ‘టేస్ట్’, ‘సౌండ్’, ‘ఫీల్’, ‘సీమ్’ వంటి క్రియలు కూడా చాలా సందర్భాల్లో అదే పని చేస్తాయి. మీ వాక్యంలో దోశ ఏ పనీ చేయడం లేదు. దానికున్న గుణం తినేవారి నాలుకకు తెలుస్తోంది, అంతే. గుణం దోశది కాబట్టి దానికి విశేషణమే తగును: ‘ద దోశ టేస్ట్స్ డెలిషస్’.

అనుమానం వచ్చినప్పుడు ఆ క్రియ తీసేసి ‘ఈజ్’ పెట్టి చూడండి. ‘ద దోశ ఈజ్ డెలిషస్’ అన్నది అర్థం చెడకుండా నిలబడింది కనుక ‘లీ’ అక్కర్లేదు. అదే ‘వంటమనిషి చట్నీని జాగ్రత్తగా రుచి చూశాడు’ అనాలంటే ‘ద కుక్ టేస్టెడ్ ద చట్నీ కేర్‌ఫుల్లీ’ అనే రాయాలి, ఎందుకంటే ఇక్కడ ‘టేస్ట్’ అనేది ఒక మనిషి పూనుకుని చేసిన పని. ఒకే క్రియ ఒక వాక్యంలో విశేషణాన్ని, మరో వాక్యంలో క్రియావిశేషణాన్ని కోరుతుందన్నమాట. అందుకే క్రియల జాబితా బట్టీపట్టడం కన్నా, ఆ మాట వస్తువును గురించి చెబుతోందా, పనిని గురించి చెబుతోందా అని ప్రశ్నించుకునే అలవాటు మేలని నా గట్టి నమ్మకం.

‘బాగా’ విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. ‘ఆమె పాట బాగుంది’ అంటే ‘హర్ సాంగ్ ఈజ్ గుడ్’. ‘ఆమె బాగా పాడుతుంది’ అంటే ‘షీ సింగ్స్ వెల్’. ‘షీ సింగ్స్ గుడ్’ అన్నది మాటల్లో వినిపించినా పరీక్షలో, పత్రికలో రాయకూడదు. ఇంకో సంగతి: మనం ‘ఇంగ్లిష్ బాగా మాట్లాడుతుంది’ అని క్రియకు ముందు ‘బాగా’ పెడతాం, వాళ్లు ‘షీ స్పీక్స్ ఇంగ్లిష్ వెల్’ అని కర్మ తరువాత పెడతారు. క్రియకూ కర్మకూ మధ్య దాన్ని దూర్చకండి.

ప్రశ్న: ఉద్యోగానికి దరఖాస్తు రాస్తూ ‘ఐ వర్క్ హార్డ్లీ అండ్ నెవర్ కమ్ లేట్లీ’ అని రాశాను. ఇందులో తప్పుందని స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?
– నిరుద్యోగి, జమ్మలమడుగు

జవాబు: నిజమే, వెంటనే మార్చండి. ‘హార్డ్’ అనే మాట ‘లీ’ చేర్చకుండానే క్రియావిశేషణంగా పనిచేస్తుంది. ‘హార్డ్లీ’ అంటే ‘దాదాపు లేనట్టే’ అని అర్థం కాబట్టి, మీరు పని చేయరని మీరే రాసి ఇచ్చినట్టు అయింది. ‘లేట్’ కూడా అంతే; ‘లేట్లీ’ అంటే ‘ఈ మధ్యకాలంలో’. ‘ఐ వర్క్ హార్డ్ అండ్ యామ్ నెవర్ లేట్’ అంటే సరిపోతుంది. ‘ఫాస్ట్’కు అయితే ‘లీ’ రూపమే లేదు. దీనికి తిరగబడిన సంగతి కూడా ఉంది: ‘ఫ్రెండ్లీ’, ‘కాస్ట్లీ’, ‘లవ్లీ’ అనేవి ‘లీ’తో ముగిసినా విశేషణాలే. ‘స్నేహంగా మాట్లాడాడు’ అనడానికి ‘హీ స్పోక్ ఫ్రెండ్లీ’ అనకూడదు, ‘హీ స్పోక్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అనాలి.

ఇటువంటి మాటలకు సూత్రం కన్నా నిఘంటువే దిక్కు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ పేరిట మన ఊళ్లో ఒక గ్రంథాలయమే వెలసింది. ఆయన తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు 1852లో అచ్చయింది. నేటి ఇంగ్లిష్ వాడుకకు మాత్రం విద్యార్థుల కోసం తయారుచేసిన ఇప్పటి నిఘంటువు దగ్గర ఉంచుకుని, ప్రతి మాట పక్కనా అది విశేషణమో క్రియావిశేషణమో తెలిపే గుర్తును చదవండి.

ప్రశ్న: మా తొమ్మిదో తరగతి పిల్లలు గండికోట విహారయాత్ర గురించి వ్యాసాలు రాశారు. ప్రతి వాక్యంలోనూ ‘వెరీ బ్యూటిఫుల్’, ‘వెరీ వెరీ బిగ్’ తప్ప మరో మాట లేదు. విశేషణాలు పూర్తిగా మానేయమని చెప్పవచ్చా?
– ఉపాధ్యాయురాలు, మైదుకూరు

జవాబు: అమ్మా, మానేయమనవద్దు. విశేషణం లేకపోతే పిల్లలు చూసిన రంగు, పరిమాణం, వయసు కాగితం మీదకు రావు. వారి చేత మానిపించవలసింది, ఏ చోటికైనా అతికే విశేషణాన్ని. ‘వెరీ బ్యూటిఫుల్’ అని గండికోటను అనవచ్చు, లేపాక్షిని అనవచ్చు, పక్కింటి పూలతోటను కూడా అనవచ్చు. చదివేవారికి గండికోట కనబడదు.

ఒక వాక్యాన్ని పట్టుకుని తరగతిలోనే దిద్దించండి. పిల్లవాడు ‘గండికోట ఈజ్ ఎ వెరీ వెరీ బ్యూటిఫుల్ ప్లేస్ అండ్ ద రివర్ ఈజ్ వెరీ నైస్’ అని రాశాడనుకుందాం. కోట అంచున నిలబడి కిందికి చూసినప్పుడు ఏమి కనబడిందని అడగండి. పెన్న కనబడింది, రెండు వైపులా ఎర్రటి నిటారు కొండలు కనబడ్డాయి అంటాడు. అప్పుడు ‘ఫార్ బిలో ద ఫోర్ట్, ద పెన్నా బెండ్స్ బిట్వీన్ స్టీప్ రెడ్ క్లిఫ్స్’ అని రాయించండి. ఇందులో ‘స్టీప్’, ‘రెడ్’ అని రెండు విశేషణాలున్నాయి, రెండూ పిల్లవాడు కళ్లారా చూసినవి. ‘బ్యూటిఫుల్’ అని రాయకపోయినా అందం చదివేవారికి అందుతుంది. క్రియావిశేషణాల్లోనూ ఇదే పద్ధతి: ‘వాక్డ్ వెరీ స్లోలీ’ బదులు, తీరికగా తిరిగితే ‘స్ట్రోల్డ్’ అనీ, అలసిపోయి కాళ్లు ఈడ్చుకుంటూ నడిస్తే ‘ట్రడ్జ్డ్’ అనీ క్రియనే మార్చవచ్చు. ‘ఎనార్మస్’ వంటి మాటల్లోనే ‘చాలా’ అన్న అర్థం ఇమిడి ఉంది కనుక వాటి ముందు ‘వెరీ’ పెట్టనివ్వకండి.

విశేషణాలు వరుసగా వచ్చినప్పుడు వాటి క్రమం కూడా నేర్పండి. మనకు ‘పాత పెద్ద రాతిగోడ’ అన్నా ‘పెద్ద పాత రాతిగోడ’ అన్నా చెవికి ఇబ్బంది ఉండదు. ఇంగ్లిష్‌లో మామూలుగా అభిప్రాయం, పరిమాణం, వయసు, ఆకారం, రంగు, పుట్టిన చోటు, పదార్థం అనే వరుస పాటిస్తారు. అందుకే ‘ఎ బిగ్ ఓల్డ్ రెడ్ స్టోన్ వాల్’ సహజంగా వినిపిస్తుంది, ‘ఎ స్టోన్ రెడ్ ఓల్డ్ బిగ్ వాల్’ వినిపించదు. ఒక నామవాచకం ముందు రెండు మూడు విశేషణాలకు మించితే వాక్యం బరువెక్కుతుందని కూడా చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి ‘ఐ యామ్ బోరింగ్’ అంటున్నాడు. ‘బోర్డ్’ అనాలా?
– ఒక తండ్రి, బద్వేలు

జవాబు: ‘బోర్డ్’ అనే అనాలండి. విసుగు పుట్టించేది ‘బోరింగ్’, విసుగు చెందిన మనిషి ‘బోర్డ్’. పాఠం ‘ఇంట్రస్టింగ్’గా ఉంటే పిల్లవాడు ‘ఇంట్రస్టెడ్’గా ఉంటాడు, ‘టైరింగ్’, ‘టైర్డ్’ జంటకూ ఇదే లెక్క. ‘ఐ యామ్ బోరింగ్’ అంటే ‘నావల్ల ఇతరులకు విసుగు కలుగుతోంది’ అని అర్థం వస్తుంది.