ముందు గుంటక, ఆ తర్వాతే యూరియా

చిరంజీవి చిన్నికి,

నాలుగెకరాల్లో పత్తి వేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో అంత గుబులూ పుట్టింది. పురుగు గురించి చెప్పేవాళ్ళు నీకు చాలామంది దొరుకుతారు. నేను కలుపు గురించే రాస్తాను. విత్తిన 15వ రోజు నుంచి 60వ రోజు దాకా చేను శుభ్రంగా ఉంచగలిగితే, ఆ తర్వాత పత్తే సాళ్ళు కమ్ముకుని కలుపును అణిచేస్తుంది. ఆ నెలన్నర జాగ్రత్త.

పశువుల ఎరువు బాగా మాగిందే తోలించు. పచ్చిపేడలో తోటకూర, గలిజేరు లాంటి కలుపు గింజలు బతికే ఉంటాయి. భాస్వరం ఎరువు మొత్తం ఆఖరి దుక్కిలోనే వేసెయ్. కలుపు మొలవకుండా ఆపే పెండిమిథాలిన్ 30 శాతం మందు ఎకరాకు లీటరు నుంచి లీటరున్నర, నేల బరువును బట్టి, 200 లీటర్ల నీళ్ళలో కలిపి విత్తిన రెండు రోజుల్లోపు కొట్టాలి. నేల తడిగా ఉంటేనే సుమా. పొడినేల మీద కొట్టిన మందు చాలావరకు వృథా అవుతుంది. తుంగ గడ్డికి మాత్రం అది పనిచేయదు.

ఇక నాకు భయమంతా మొదటి పైపాటుగా, అంటే పంట మొలిచాక పైన, వేసే యూరియా దగ్గరే. 20, 25 రోజులప్పుడు మంచి వాన పడుతుంది. పదును, అంటే నేలలో సరిపడా తడి, పోతుందేమోనన్న ఆత్రంతో యూరియా బస్తా విప్పి, కలుపు తీయకుండానే చేనంతా చల్లేస్తారు. ఏళ్ళ తరబడి చేస్తున్న తప్పే ఇది, ఇంకా చేస్తూనే ఉన్నారు. ఆ వయసులో ఒక పత్తి మొక్కను తవ్వి చూడు. తల్లివేరు నిట్టనిలువుగా దిగి ఉంటుంది, పక్కవేర్లు ఇంకా సాలు మధ్యకు చేరవు. సాలు మధ్యన పైమట్టిలో అల్లుకుని ఉన్నవి ఊద, గలిజేరు వేర్లే. నువ్వు చల్లిన యూరియాలో ఎక్కువ భాగం వాటి నోట్లోకే పోతుంది. పైగా యూరియాలోని నత్రజని, తడి కలిసేసరికి మట్టిలో నిద్రపోతున్న గింజలు కూడా కొన్ని మేల్కొంటాయి.

పది రోజుల్లో కలుపు పత్తి ఎత్తుకు వస్తుంది. ఉన్న తేమనూ అదే తాగేస్తుంది. ఆపైన వారం రోజులు వాన లేక బెట్ట వస్తే ముందు వాడిపోయేది పత్తే. ఆకు పాలిపోయిందని ఇంకో బస్తా చల్లుతారు, కలుపు ఇంకా బలుస్తుంది. అప్పుడు పీకబోతే వేర్లు పెనవేసుకుని పత్తి మొక్క కూడా ఊడి చేతిలోకొస్తుంది. ఇదంతా ఒక్క రోజు తొందరపాటు వల్ల!

నువ్వు అలా చేయకు నాన్నా. వాన వెలిశాక నాలుగు వేళ్ళ లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కు. వేళ్ళకు అంటుకుంటే ఇంకా ఆగు. ఆ తడిలో గుంటక (సాళ్ళ మధ్య కలుపు కోసే పలక పనిముట్టు) తోలితే పెళ్ళలు లేస్తాయి, తెగిన కలుపు మళ్ళీ వేరు పోసుకుంటుంది. ముద్ద కట్టి, బొటనవేలితో తట్టగానే పొడిగా రాలితే అదే పదును. ఎండ కాసే ఉదయం గుంటక తోలు. సాయంత్రానికి కలుపు వాడిపోతుంది. మర్నాడో ఆ మర్నాడో, ఎకరాకు 30-35 కిలోల యూరియా, మొక్కకు నాలుగు వేళ్ళ దూరంలో చిన్న గుంట తీసి వేసి, మట్టి కప్పించు. కప్పకపోతే కొంత గాలిలో కలిసిపోతుంది. ఈలోగా పదును ఆరిపోతే ఇంకో వానకో తడికో ఆగు. యూరియా వారం ఆలస్యమైనా పత్తి తట్టుకుంటుంది, బలిసిన కలుపును తట్టుకోలేదు. 40, 60, 80 రోజులప్పుడూ ఇదే వరస. మోతాదు మాత్రం భూసార పరీక్ష చూసి సరిచూసుకో.

చిన్నప్పుడు కుండీలో మొక్క ఎండుతుందని పూటకోసారి చెంబుతో నీళ్ళు పోసేవాడివి. చేలో ఆ చేయి పనికిరాదురా. పైపైన తరచూ తడిపితే ప్రతి తడికీ ఒక విడత కలుపు మొలుస్తుంది. తడికీ తడికీ మధ్య పైమట్టి ఆరనివ్వు. డ్రిప్ పెట్టుకుంటే సాలు మధ్య పొడిగా ఉంటుంది, ఎరువూ నీటితోనే మొక్క మొదట్లోకి చేరుతుంది.

కలుపు చేయి దాటితే, అది రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉండగానే, నేలలో తేమ ఉన్నప్పుడు మందు కొట్టాలి. బెట్టకు ముదిరిన కలుపు మందును సరిగ్గా పీల్చుకోదు. ఇంకొకరి మందు కొట్టే పంపు మాత్రం అడిగి తెచ్చుకోకు. అందులో 2,4-డి అనే కలుపుమందు కొద్దిగా మిగిలి ఉన్నా పత్తి ఆకులు వేళ్ళలా సన్నగా చీలి ముడుచుకుపోతాయి.

మొదటి వాన వెలిశాక మట్టి నొక్కి చూసి, ముద్ద ఎలా విరిగిందో నాకు ఫోన్ చేసి చెప్పు. అప్పటిదాకా గుంటక కట్టకు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య