హయాటస్ హెర్నియా అన్నారని కంగారు పడకు

చి. రాజుకి అత్త ఆశీస్సులు.

నీ ఎండోస్కోపీ రిపోర్టు ఫొటో చూశాను. హెర్నియా అన్న మాట వినగానే మీ అమ్మ సింహాచలం అప్పన్నకి గిరిప్రదక్షిణ మొక్కేసిందట. మొక్కు సంగతి తర్వాత. సర్జికల్ వార్డులో జుట్టు నెరిసేదాకా పనిచేసినదాన్ని, ముందు నే చెప్పేది విను.

ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రం అనే కండరపు పొర ఉంటుంది. దాంట్లో ఉన్న కంతలోంచి అన్నవాహిక కిందికి దిగుతుంది. ఆ కంత వదులైతే జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారుతుంది, అదే హయాటస్ హెర్నియా. ఇది ఉన్నవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఉండేది ఈ జారే రకమే. నీదీ అదే, అదీ చిన్నది. గజ్జల్లో హెర్నియాలాగా పేగు బిగుసుకుపోతుందన్న భయం దీనికి అక్కర్లేదు. అన్నవాహిక పక్కనుంచి జీర్ణాశయం పైకెక్కే రకం వేరు. అది మెలిపడొచ్చు, దాన్ని మాత్రం సర్జన్ చూడాల్సిందే.

కంత ఉందని కాదురా ఆపరేషన్ చేసేది. సరిగ్గా మందులు వాడినా పుల్లనీళ్లు గొంతులోకి తన్నుకొస్తున్నా, అన్నవాహిక పుండుపడి సన్నబడినా, ఆ పుల్లనీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి దగ్గు వదలకపోయినా, పెద్ద హెర్నియాతో రక్తం తగ్గి ఆయాసం వస్తున్నా, అప్పుడు ఆలోచించాలి. జీవితాంతం బిళ్లలు వద్దనుకునేవాళ్లూ కొందరు చేయించుకుంటారు.

నువ్వసలు మందు సరిగ్గా వాడితేగా! గ్యాస్ బిళ్ల మంట పుట్టినప్పుడు చప్పరించేది కాదు. పరగడుపున వేసుకుని అరగంట ఆగి టిఫిన్ తినాలి, డాక్టరు రాసినన్నాళ్లూ మానకుండా. బి షిఫ్టు దిగి పదకొండింటికి ఇంటికొచ్చి కడుపునిండా తిని వెంటనే పడుకుంటే ఏ బిళ్లా పనిచేయదు. క్యాంటీన్లోనే ఏడున్నరకి తినేసెయ్, ఇంటికొచ్చాక పల్చటి మజ్జిగ చాలు. తలగడలు రెండు పెడితే పొట్ట మడతపడి ఇంకా చెరుపు. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి అరడుగు లేపు. ఎడమవైపు తిరిగి పడుకో. నడుం చుట్టుకొలత తగ్గించు. ఆర్కే బీచ్‌కి నడవడానికి వెళ్లు, బజ్జీల బండి దగ్గర ఆగకు.

ఒకవేళ ఆపరేషన్ దాకా వస్తే, ఎండోస్కోపీ ఒక్కటీ చాలదు. అన్నవాహిక ఎంత బలంగా తోస్తోందో చూసే మానోమెట్రీ చెయ్యాలి. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి 24 గంటలు యాసిడ్ కొలిచే పరీక్ష, బేరియం ఎక్స్‌రే కూడా అడగొచ్చు. మానోమెట్రీ ఊసే లేకుండా "రేపే అడ్మిట్ అవ్వండి" అనేవాళ్లుంటే, కాగితాలు తీసుకుని పెద్దాసుపత్రి కేజీహెచ్‌లోనో మరోచోటో ఇంకో సర్జన్‌కి చూపించు. డబ్బు సంగతి ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం చూసే ఆరోగ్యమిత్రని ముందే అడుగు.

పొట్ట మీద నాలుగైదు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేస్తారు. జీర్ణాశయాన్ని కిందికి లాగి, కంతని కుట్టి, జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చివర మఫ్లర్‌లా చుడతారు. పూర్తి చుట్టు నిస్సెన్ పద్ధతి, 1956లో ప్రచురించింది. అన్నవాహిక బలహీనంగా తోస్తుంటే పూర్తి చుట్టు అన్నాన్ని అడ్డుకోవచ్చు, అందుకే ముప్పావు చుట్టే వేస్తారు, దాన్ని టూపే అంటారు. మానోమెట్రీ గురించి అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

చాలామందిని ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. అసలు ఓపిక ఆ తర్వాత కావాలి. పొట్టలోకి ఎక్కించిన గ్యాస్ వల్ల రెండు మూడు రోజులు భుజం నొప్పి పెడుతుంది, గుండెపోటనుకుని హడలిపోకు. కొన్ని వారాలు మింగుతుంటే బిగుతుగా ఉంటుంది. ముందు గంజి, మజ్జిగ, తర్వాత మెత్తటి పెరుగన్నం, సాంబారులో నానిన ఇడ్లీ. చపాతీ, బ్రెడ్, మాంసం ముక్క సర్జన్ సరేననేదాకా వద్దు. సోడా అసలు వద్దు, తేన్పు సరిగ్గా రాక కడుపు ఉబ్బి అల్లాడిపోతావు. గ్యాస్ బండ, వాటర్ క్యాన్ నెలన్నర దాకా ముట్టుకోకు. నడవొచ్చు, కానీ గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు అప్పుడే వద్దని మీ అమ్మకి నేనే చెప్తాను. కొందరికి ఏళ్లు గడిచాక ఆ చుట్టు వదులై మళ్లీ బిళ్లలు అవసరమవుతాయి. అది కూడా తెలుసుకునే సంతకం పెట్టాలి.

ఛాతీ నొప్పి ఎడమచేతికో దవడకో పాకి చెమటలు పడితే మాత్రం, గ్యాసేలే అనుకోకుండా ముందు ఈసీజీ తీయించు. మలం నల్లగా పోయినా, రక్తం కక్కినా, ముద్ద దిగకపోయినా, పొట్ట పైభాగంలో విపరీతమైన నొప్పితో ఓకరింతలే తప్ప వాంతి రాకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు.

అన్నట్టు, అన్నవాహికలో పుండు ఎంతుందో రిపోర్టులో ఎ నుంచి డి దాకా గ్రేడుగా రాస్తారు. నువ్వు పంపిన ఫొటోలో ఆ లైను మడతలో పోయింది. మళ్లీ తీసి పంపు.

మీ అత్త