ఏడేళ్ల గతం అడిగే ఫారంలో ‘లేదు’ అని రాయించకండి

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోనే పుట్టాడు, కొలరాడోలో కంప్యూటర్ సైన్స్ చివరి ఏడాది చదువుతున్నాడు. రక్షణ రంగ కంపెనీలో సైబర్ సెక్యూరిటీ ఉద్యోగం వచ్చింది గానీ ప్రభుత్వ రహస్య సమాచారం చూడటానికి ఇచ్చే అనుమతి, సీక్రెట్ క్లియరెన్స్, రావాలట. రెండో ఏడాదిలో కొన్నిసార్లు గంజాయి తాగానని, పార్టీల్లో మందు కూడా పుచ్చుకున్నానని ఇప్పుడు చెబుతున్నాడు. అక్కడ గంజాయి చట్టబద్ధమే కదా, ‘లేదు’ అని రాస్తే ఎవరికి తెలుస్తుంది? గంజాయి, మందు ఈ రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదం? – డాలస్ నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, చదువుకునే రోజుల్లో కొన్నిసార్లు గంజాయి తాగి మానేసినంత మాత్రాన మీ అబ్బాయి భవిష్యత్తు చెడిపోదు. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న 13 మార్గదర్శకాలు ఎంతకాలం క్రితం, ఎన్నిసార్లు, ఏ పరిస్థితుల్లో వాడాడు, మళ్ళీ వాడే అవకాశం ఉందా అని మనిషిని మొత్తంగా చూడమంటాయి. గతంలో గంజాయి వాడిన విషయం లెక్కలోకి వస్తుంది గానీ అదొక్కటే నిర్ణయాన్ని శాసించదని 2021 డిసెంబరులో అప్పటి జాతీయ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ ఆవ్రిల్ హెయిన్స్ కూడా స్పష్టం చేశారు.

కొలరాడో చట్టం మాత్రం ఇక్కడ అక్కరకు రాదు. అక్కడైనా ఆ అనుమతి 21 నిండినవారికే. పైగా క్లియరెన్స్ ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం, దాని చట్టం ఆ అనుమతిని గుర్తించదు. ఇప్పటికీ వాడుతుంటే క్లియరెన్స్ రాదు.

ఇక మీరు ఇవ్వబోయిన సలహా గురించి కటువుగానే చెప్పాలి. క్లియరెన్స్ కోసం నింపాల్సిన ఎస్ఎఫ్-86 ఫారంలో 23వ విభాగం గత ఏడేళ్లలో మత్తుపదార్థాలు మొదట ఎప్పుడు, చివరగా ఎప్పుడు, ఎన్నిసార్లు వాడారు, ఇకముందు వాడే ఉద్దేశం ఉందా అని అడుగుతుంది. అక్కడ నిజం చెబితే దాన్ని క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడబోమని ఫారంలోనే హామీ ఉంది. తెలిసి అబద్ధం రాస్తే ఐదేళ్ల దాకా జైలుశిక్ష పడగల ఫెడరల్ నేరం. విచారణాధికారులు స్నేహితులనూ రూమ్మేట్లనూ కలిసి మాట్లాడవచ్చు. పరువు పోతుందని భయపడి, క్షమించదగిన తప్పును క్షమించరాని తప్పుగా మార్చమని కన్నకొడుకుకు మీరే నేర్పుతారా?

మందు విషయంలో అంత కంగారు అక్కర్లేదు. 24వ విభాగం అడిగేది పార్టీలో తాగారా అని కాదు. తాగుడు వల్ల ఉద్యోగం, డబ్బు, సంబంధాలు దెబ్బతిన్నాయా, పోలీసుల దాకా వెళ్లిందా, చికిత్స అవసరమైందా అని. తాగి కారు నడిపి పట్టుబడిన కేసు ఉంటే అది వేరే సంగతి.

నాకున్న అసలు సందేహం ఈ దారి మీదే. లేఆఫ్‌ల భయం లేదని మన కుటుంబాల్లో క్లియరెన్స్ ఉద్యోగాలకు ఇప్పుడు గిరాకీ పెరిగింది. కానీ ఆ క్లియరెన్స్ మీ అబ్బాయి సొత్తు కాదు. స్పాన్సర్ చేసే సంస్థ లేకుండా సొంతంగా దరఖాస్తు చేసుకోలేడు, ఆ రకం ఉద్యోగానికి రెండేళ్లు దూరమైతే సాధారణంగా విచారణ మళ్ళీ మొదలవుతుంది. క్లియరెన్స్ ఉన్నంతకాలం అతని మీద నిఘా సాగుతూనే ఉంటుంది, సెలవులో స్నేహితులతో సరదాకైనా గంజాయి ముట్టకూడదు, చేసిన పనిలో రహస్యమైన భాగాన్ని తర్వాతి ఇంటర్వ్యూలో చెప్పుకోలేడు. ఇరవై రెండేళ్ల కుర్రవాడు ఇవన్నీ తెలిసి, తనంతట తాను ఒప్పుకుంటే మంచిదే. మీ ధైర్యం కోసం ఒప్పుకుంటే మాత్రం నేను వద్దంటాను.

వెళ్లాలనే అనుకుంటే, గుర్తున్నంతవరకు తేదీలు కాగితం మీద రాసుకుని ఫారం తానే నింపమనండి. ఇకపై వాడనని, వాడితే క్లియరెన్స్ రద్దుకు ఒప్పుకుంటానని సంతకం చేసిన పత్రం అతనికి అనుకూలంగా పరిగణించే అంశాల్లో ఒకటి. అనుమానాలుంటే ఈ వ్యవహారాలు చూసే లాయరును ఫారం పంపకముందే కలవనివ్వండి, ఆ గదిలోకి మీరు వెళ్లకండి.