ఒక చార్టు, పదహారు కార్డులు

సంక్రాంతికి చేతితో చేసిన కార్డుల గురించి ఈ శీర్షికలో నాలుగు ముక్కలు రాసినందుకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేను అనుకోలేదు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం, అన్నీ మన ఒడిశా పక్క ఊళ్ళ నుంచే. ఇంచుమించు అందరిదీ ఒకటే బాధ. కార్డు మన చేత్తో చెయ్యాలని ఉంది, డబ్బు ఎక్కువ పెట్టలేం, తీరా చేస్తే స్కూలు ప్రాజెక్టులా కనిపిస్తోంది అని. ఉగాది దగ్గర పడుతోంది కాబట్టి ఈ నెల మొత్తం వీటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి. టెక్కలి, పాతపట్నం, విజయనగరం, విశాఖ, ఇటు బరంపురం కలిపి చుట్టాలు ముప్పై ఇళ్ళ వాళ్ళున్నారు. ఈ ఉగాదికి అందరికీ కార్డులు మేమే చేసి పంపాలని నాకూ మా పాపకూ కోరిక. స్టాంపుల ఖర్చు కాకుండా రెండు వందలు ఇస్తానన్నారు మా ఆయన. సరిపోతుందా?

జవాబు: సరిపోతుందమ్మా, మిగులుతుంది కూడా. ముందు ఆ ప్యాకెట్లలో అమ్మే రెడీమేడ్ కార్డు కాగితాల జోలికి వెళ్ళకండి. పుస్తకాల షాపులో మామూలు డ్రాయింగు చార్టు అడగండి, అది 22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు ఉంటుంది. కొనేటప్పుడు ఒక మూల పట్టుకుని వేలాడదీసి చూడండి. గుడ్డలా వాలిపోతే అది కార్డుకి పనికిరాదు, కాస్త బిగువుగా నిలబడేది తీసుకోండి. పొడవుని ఏడేసి అంగుళాల చొప్పున నాలుగు, వెడల్పుని అయిదున్నర చొప్పున నాలుగు భాగాలు చేస్తే పదహారు ముక్కలు వస్తాయి. ఏడంగుళాల వైపు సగానికి మడిస్తే మూడున్నర, అయిదున్నర కొలతతో మూసిన కార్డు తయారవుతుంది, అంటే దాదాపు మన పోస్టుకార్డు సైజు. పెద్ద కార్డు చెయ్యాలనే ఆశ వదులుకోండి. చిన్న కార్డు మీద చిన్న బొమ్మ కూడా నిండుగా కనిపిస్తుంది, పెద్దదైతే ఖాళీ నింపలేక చమ్కీలూ స్టిక్కర్లూ అంటించేస్తాం, అక్కడే అందం పోతుంది.

కత్తెర పెట్టేముందు ఒక్క పని తప్పకుండా చెయ్యండి. గుడ్డకి ఉన్నట్టే కాగితానికీ ఒక వాలు ఉంటుంది. చార్టుని మడత పడకుండా మెల్లగా పొడవు చివరలు రెండూ దగ్గరికి వచ్చేలా ఒకసారి, వెడల్పు చివరలు రెండూ దగ్గరికి వచ్చేలా ఒకసారి వంచి చూడండి, ఒక వైపు ఇట్టే వంగుతుంది, రెండో వైపు ఎదురు తిరుగుతుంది. ఇట్టే వంగే వైపే మీ మడత రావాలి. ఎదురు తిరిగే వైపు మడిస్తే రంగు చార్టయితే మడత మీద తెల్లగా చిట్లిపోయి, ఎంత బాగా బొమ్మ వేసినా పాతకార్డులా ఉంటుంది. మీ చార్టు వెడల్పు చివరలు కలిపేటప్పుడే ఇట్టే వంగిందనుకోండి, అప్పుడు ముక్కల్ని అడ్డం తిప్పి కొయ్యాలి: పొడవులో అయిదున్నరవి అయిదు, వెడల్పులో ఏడువి మూడు. పదహారు బదులు పదిహేనే వస్తాయి, అంచులు కొంచెం వృథా అవుతాయి, అయినా అదే మంచిది. మీకైతే రెండు చార్టులకి సరిగ్గా ముప్పై!

మడతకి ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను దాచుకోండి. మధ్యలో స్కేలు పెట్టి ఆ పెన్నుతో గట్టిగా ఒక గీత లాగితే కాగితంలో సన్నటి గాడి పడుతుంది. ఆ గాడి వెంట మడిచి చెంచా వెనక భాగంతో రుద్దండి. కొన్న కార్డుకీ చేసిన కార్డుకీ తేడా చాలావరకు ఈ మడతలోనే తెలిసిపోతుంది.

ఇక ముప్పై బొమ్మలు ఎవరు వేస్తారని టెన్షన్ పడకండి. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన, ఉత్తరాలకి జవాబులు రాసే తీరిక లేక, హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత ఒక క్రిస్మస్ కార్డు గీయించాడు. దుకాణంలో అమ్మిన మొదటి క్రిస్మస్ కార్డుగా దాన్నే చెబుతారు. గీతలు అచ్చు వేయించి, రంగులు మాత్రం చేత్తో పూయించారు. మనమూ అదే చేద్దాం. రెండున్నర, మూడున్నర అంగుళాల గడిలో ఒక వేపపూత కొమ్మ, పక్కనే ఒక మామిడి పిందె, నల్ల పెన్నుతో గీతలు మాత్రం గీయండి. దాన్ని కొన్ని జెరాక్సులు తీయించి, కత్తిరించి, ఏ ఫోర్ కాగితం మీద అడ్డంగా మూడు, నిలువుగా మూడు చొప్పున తొమ్మిది అంటించండి. ఆ కాగితాన్ని నాలుగు జెరాక్సులు తీయిస్తే ముప్పయ్యారు బొమ్మలు. పాప రంగులు వేస్తుంది, మీరు కత్తిరించి చార్టు ముక్క మీద చుట్టూ అంచు వదిలి అంటిస్తారు. ముప్పయ్యింటికీ ఒకే రంగులు వెయ్యకండి. ఒక పిందె పచ్చగా, ఒకటి కాస్త ఎరుపు తిరిగి, పాప ఇష్టం. రెండు పూటల పని.

రెండు చార్టులు, జెరాక్సులు కలిపి మీ రెండు వందల్లో సగం కూడా కావు. మిగిలింది ఒక మంచి రంగుల డబ్బాకి పెట్టండి, చౌక రంగులు మైనంలా జారిపోతాయి. ఈ కార్డు కవరుతో సహా 20 గ్రాములకి బాగా లోపలే ఉంటుంది కాబట్టి తపాలా ఖర్చు కూడా పెరగదు. పూసలు, గుండీలు అంటిస్తే మాత్రం కవరు ఉబ్బి, పోస్టులో ముద్ర వేసేటప్పుడు చినుగుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో పాత శుభలేఖలు ఒక సంచీ నిండా ఉన్నాయి. పారెయ్యడానికి మనసొప్పదు. కార్డులకి వాడుకోవచ్చా? (గుణుపురం)

జవాబు: నిక్షేపంగా. అంత మందం కాగితం మనం కొనుక్కోలేం కూడా. అచ్చు లేని వైపు కోసి పెట్టుకోండి. వినాయకుడి బొమ్మా, కలశం బొమ్మా మధ్యకి కొయ్యకుండా చుట్టూ కత్తిరించి వేరే తియ్యండి, పెళ్ళి కార్డుకో గృహప్రవేశం కార్డుకో పనికొస్తాయి. పసుపు రాసిన మూలలు నేనైతే అలాగే ఉంచుతాను, ఆ రంగు ఏ పెన్సిలుకీ రాదు. అన్నిటికంటే లాభం కవర్లే: అంటించిన చోట ఆవిరి పట్టి జాగ్రత్తగా విప్పి, లోపలి వైపు పైకి వచ్చేలా తిరగేసి మళ్ళీ అంటించండి. కొత్త కవరే. పాత పేర్లు ఎక్కడా కనిపించకుండా ఒక్కసారి చూసుకోండి.

ప్రశ్న: అక్కా, నేను రాయగడలో డిగ్రీ చదువుతున్నాను. సవర గిరిజనుల బొమ్మలతో కార్డులు చేసి స్నేహితులకి ఇవ్వాలని, కుదిరితే అమ్మాలని ఉంది. అవి వార్లీ బొమ్మల్లాంటివే కదా, ఫోన్‌లో చూసి వేసెయ్యొచ్చా?

జవాబు: తమ్ముడూ, రెండూ ఒకటి కావు. వార్లీ మహారాష్ట్ర గిరిజనులది, అందులో మనిషి ఒళ్ళంటే ఎదురెదురుగా రెండు త్రికోణాలు, చాలా స్పష్టంగా ఉంటాయి. సవర బొమ్మల్లో మనుషులు కాస్త పొడుగ్గా, త్రికోణాలు అంత కొట్టొచ్చినట్టు లేకుండా ఉంటారు. పైగా సవరలు ముందు చుట్టూ అంచు గడి కట్టి, బయటి నుంచి లోపలికి వల అల్లినట్టు నింపుకుంటూ వస్తారు. మీ జిల్లాలోనే, గుణుపురం పక్క పుట్టాసింగి వైపు లాంజియా అనే సవర శాఖ వాళ్ళ ఊళ్ళున్నాయి. ఫోన్ పక్కన పెట్టి ఒకసారి వెళ్ళి చూసిరా.

ఇంకొకటి గట్టిగా చెబుతాను. వాళ్ళ ఇళ్ళ గోడల మీద ఉండేవి ఊరికే ముచ్చటకి వేసినవి కావు. ఇడితాల్ అంటారు వాటిని. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో, దేవతలకీ పోయిన పెద్దలకీ వేసేవి, పూజతో ముడిపడినవి. ఒకరి ఇంటి ఇడితాల్‌ని ఉన్నదున్నట్టు దించి పుట్టినరోజు కార్డు మీద వెయ్యకు. ఆ గీత తీరు నేర్చుకుని నీ కళ్ళముందున్నది వెయ్యి, మీ ఊరి సంత, చింతచెట్టు, బస్సు మీదెక్కిన మేకలు, ఏదైనా. అమ్మితే కార్డు వెనక ‘సవర చిత్రాల తీరులో’ అని రాయి, నీకు నేర్పిన మనిషికి అందులో వాటా ఇవ్వు.

సామాను ఖర్చు దాదాపు లేదు. పుస్తకాలకి అట్టలేసే బ్రౌన్ పేపరు చార్టు మీద అంటిస్తే అదే ఎర్రమట్టి గోడ. రెండు చెంచాల బియ్యం మూడు గంటలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, పలచటి గుడ్డలో వడగట్టు. అందులో నాలుగు చుక్కలు ఫెవికాల్ కలపకపోతే ఆరాక పొడిపొడిగా రాలిపోతుంది. వెదురు పుల్ల చివర దంతధావనం పుల్లలా నమిలి కుంచె చేసుకో, సన్న గీతకి చీపురు పుల్ల చాలు. పిండి మజ్జిగంత పలచగా ఉండాలి. వేసినప్పుడు ఏమీ కనిపించదు, తడి గీతలా ఉంటుంది, కంగారుపడి మళ్ళీ మళ్ళీ దిద్దకు. అయిదు నిమిషాలు ఆగితే నెమ్మదిగా తెలుపు పైకి తేలుతుంది. అది చూడ్డమే ఒక సరదా. మడత మీద మాత్రం పిండి గీత రానియ్యకు.

ప్రశ్న: నోటుపుస్తకంలో మందారాలు, బంతిపూలు పెట్టి కార్డుకి అంటిద్దామంటే నల్లబడి బూజు పట్టాయి. మా బరంపురం గాలే అంతా? (ఇంటర్ విద్యార్థిని)

జవాబు: సముద్రపు గాలిలో తేమ ఉంటుంది, నిజమే, కానీ అసలు తప్పు పూలదే తల్లీ. మందారంలో నీరెక్కువ, బంతి బొద్దుగా ఉంటుంది. బంతి అయితే రేకలు విడదీసి పెట్టు. తెల్లపూలు ఎలాగూ గోధుమరంగు తిరుగుతాయి. అన్నిటికంటే కాగితంపూలు మంచివి, బోగన్‌విలియా అంటాం కదా, వాటి రంగు బాగా నిలుస్తుంది. మునగాకు, చింతాకు, గోడల మీద మొలిచే ఫెర్న్ కూడా చక్కగా ఆరతాయి. మంచు ఆరిపోయాక పదింటప్పుడు కోసి, నునుపు కాగితంలో కాకుండా వార్తాపత్రికలో పెట్టి, పైన బరువుంచి, రెండ్రోజులకోసారి కాగితం మార్చు. పది రోజులు ఓపిక పట్టు. అంటించేటప్పుడు అడుగంతా జిగురు పూస్తే కార్డు వంకర తిరుగుతుంది, అగ్గిపుల్లతో నాలుగు చుక్కలు పెట్టి రాత్రంతా పుస్తకాల కింద ఉంచు. మైదా జిగురు ఉడికించుకుంటే రెండు రోజుల్లో వాడెయ్యి. పురుగు పట్టకుండా బైండింగు వాళ్ళు అందులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం, ఇంట్లో మనకొద్దు.

ప్రశ్న: అక్కా, మా బాబుకి తొమ్మిదేళ్ళు. జయపురంలో ఒడియా మీడియం. తెలుగు గడగడా మాట్లాడతాడు, రాయడం ఒక్క ముక్క రాదు. వాళ్ళ అమ్మమ్మ పార్వతీపురంలో ఉంటుంది, ఆమెకి తెలుగు తప్ప చదవడం రాదు. కార్డు బొమ్మ వాడు వేసి, లోపల నేను రాసేస్తే సరిపోతుందా? ఏం రాయాలో కూడా చెప్పండి.

జవాబు: మీరు రాయొద్దు. ఎంత బుజ్జి అక్షరాలైనా, ఎన్ని వంకరలైనా వాడే రాయాలి. ఆ పెద్దావిడ కార్డు విప్పి ముందు చూసేది మనవడి చేతిరాతనే, బొమ్మ తరవాత.

మీరు అనుకున్నంత కష్టం కూడా కాదు. ఒడియా, తెలుగు రెండూ గుండ్రటి లిపులు, తాటాకు మీద గంటంతో అడ్డగీతలు గీస్తే ఆకు చీలిపోతుందనే అలా గుండ్రంగా తిరిగాయని చెబుతారు. కాబట్టి మీవాడి చెయ్యి ఇప్పటికే సున్నాలు చుట్టడానికి అలవాటు పడి ఉంది. అక్షరాలు వేరైనా, ముందు పట్టుబడాల్సింది తలకట్టు. ఒడియా అక్షరానికి నెత్తిన గొడుగులా వంపు ఉంటుంది కదా, మనకి ఆ చోట చిన్న కొడవలి అని చెప్పండి, పట్టుకుంటాడు. రోజుకి ఒక మాట చొప్పున వారం రోజులు రఫ్ పుస్తకంలో రాయించండి. చార్టు కింద అక్షరాలు పెడితే పైకి కనిపించవు, కావాలంటే పగలు కిటికీ అద్దానికి ఆనించి పెన్సిలుతో దించుకోనివ్వండి. ఒత్తు తప్పు పడితే చెరిపి దిద్దకండి.

ఏం రాయాలంటారా? ‘ఉగాది శుభాకాంక్షలు’ అని మాత్రం రాయించకండి. అంత పొడుగు మాట వాడికి శిక్ష, ఆమెకి టీవీలో రోజంతా వినపడే మాట. అమ్మమ్మకి ఏం చెప్పాలిరా అని వాణ్ణే అడగండి. ‘అమ్మమ్మా, మాగాయ అయిపోయింది. సెలవులకి వస్తా’ అంటాడేమో, అదే రాయించండి. మాటలు అయిదే. కింద తన పేరు తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి రాయమనండి. ఒడియా పేరు చదవలేకపోయినా ఆమె దాన్ని చాలాసేపు చూస్తుంది. మా నాన్నమ్మ మా అన్నయ్య రాసిన అలాంటి కాగితాన్ని పంచాంగంలో పెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చూపించేది.

ఇంకో చిన్న పని. పోస్టాఫీసులో ఒక పోస్టుకార్డు కొని, దాని మీద మీ జయపురం అడ్రసు బాబు పేరుతో ముందే రాసి, కార్డు లోపల పెట్టి పంపండి. పైన చెప్పిన కొలతతో చేస్తే పోస్టుకార్డు అందులో ఇంచుమించు సరిగ్గా కూర్చుంటుంది. అంచు ఒక నూలు బయటికి వస్తే కార్డునే కాస్త పెద్దగా కొయ్యండి, పోస్టుకార్డుని మాత్రం కత్తిరించకండి.