అక్షరం పెద్దది కావాలంటే రిజల్యూషన్ తగ్గించకండి

ప్రశ్న: తెలుగు టీచర్‌గా రిటైరై, ఇంట్లోనే పుస్తకాల ప్రూఫులు దిద్దుతున్నాను. మా అబ్బాయి 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ కొనిచ్చి, స్టాండ్ మీద ఎత్తుగా పెట్టాడు. అక్షరాలు చిన్నగా ఉన్నాయంటే ఏదో మార్చి పెద్దవి చేశాడు. అప్పటినుంచి అంతా మసకగా ఉంది, ద ఏదో ధ ఏదో తెలియడం లేదు. సాయంత్రానికి మెడ పట్టేస్తోంది, కళ్లు మండుతున్నాయి. నేను వాడేది ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు. ఇంకొకటి, తెరను అద్దాలు తుడిచే స్ప్రేతో తుడవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: టీచర్ గారూ, కళ్లను అనుమానించే ముందు మీ అబ్బాయి మార్చిన సెట్టింగ్ చూద్దాం. విజయవాడలో డీటీపీ సెంటర్లకు మానిటర్లు బిగించడం, బాగుచేయడం నా పని. ‘అక్షరాలు అలికినట్టున్నాయి’ అని పిలిచిన చోట ఎక్కువగా ఇదే చూస్తుంటాను. పెద్దగా కనపడాలని రిజల్యూషన్, అంటే కంప్యూటర్ పంపే బొమ్మలోని చుక్కల సంఖ్య, తగ్గించి ఉంటారు.

మీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్నాయి. ఏ సెట్టింగ్ పెట్టినా ఆ సంఖ్య మారదు. రిజల్యూషన్ 1280, 720కి దించారనుకోండి. కంప్యూటర్ అడ్డంగా 1280 చుక్కల బొమ్మే పంపుతుంది, మానిటర్ దాన్ని 1920కి సాగదీయాలి. ఒక్కో చుక్కకు ఒకటిన్నర చుక్కల చోటు వస్తుంది. తెర మీద అర చుక్క అంటూ ఉండదు కాబట్టి పక్కదానితో రంగు కలిపి సర్దేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో ఎలాగోలా నెట్టుకు రావచ్చు. మన లిపిలో ధ కింది గీత, ఒత్తులు, గుడికీ గుడిదీర్ఘానికీ ఉన్న తేడా, అన్నీ చిన్న చిన్న చోట్లలోనే ఉంటాయి. ముందు అలుక్కుపోయేవి అవే. ప్రూఫు దిద్దేవాళ్లకు అవే ముఖ్యం.

విండోస్‌లో డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరవండి. రిజల్యూషన్ దగ్గర ‘రికమెండెడ్’ అని ఉన్నదే ఎంచుకోండి. అక్షరాలు మళ్లీ చిన్నవవుతాయి, కంగారుపడకండి. అక్కడే ఉన్న ‘స్కేల్’ను 125 శాతం చేయండి, చాలకపోతే 150. అప్పుడు కంప్యూటరే అక్షరాన్ని పెద్దదిగా, అంచులు తేటగా గీసి పంపుతుంది. మరీ పాత సాఫ్ట్‌వేర్లు మాత్రం స్కేల్ పెంచితే మసకబారతాయి. వాటిలో లోపలి జూమ్ వాడుకోండి. సెర్చ్‌లో ‘క్లియర్‌టైప్’ అని ఇంగ్లిష్‌లో కొడితే, అక్షరాల అంచులు మీ కంటికి తేటగా కనిపించేలా సరిచేసే చిన్న పరీక్ష వస్తుంది. అది కూడా ఒకసారి చేయండి.

కేబుల్ కూడా చూడండి. రెండు పక్కలా మరలున్న నీలం పిన్ను అయితే అది వీజీఏ అనే పాత రకం, దానివల్ల కూడా అక్షరాలు మసకబారవచ్చు. సీపీయూకి హెచ్‌డీఎంఐ అనే కొత్త రకం కేబుల్ పెట్టే చోటు ఉంటే దానికి మార్చండి.

మెడ నొప్పికి కారణం ఆ ఎత్తే కావచ్చు. తెర పై అంచు కంటి మట్టానికి ఉండాలని అందరూ చెబుతారు. ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్లకు అది సరిపడదు. దగ్గరి చూపు పవర్ అద్దం కింది భాగంలో ఉంటుంది కనుక, ఎత్తుగా ఉన్న తెరను చదవడానికి తెలియకుండానే గడ్డం పైకెత్తుతారు. గంటల తరబడి అలా కూర్చుంటే మెడ ఊరుకోదు. ఆ స్టాండ్ తీసేయండి. గడ్డం ఎత్తకుండా మొదటి వరుస చదవగలిగేదాకా మానిటర్‌ని దించి, పై అంచును కొద్దిగా వెనక్కి వంచండి. దూరం చెయ్యి చాపినంత ఉంటే చాలు. తర్వాత కంటి నుంచి తెర దాకా టేపుతో కొలిచి, ఆ సెంటీమీటర్లు కళ్ల డాక్టరుకు చెప్పండి. ఆ దూరానికే సరిపోయే విడి కళ్లజోడు రాస్తారు. మీరు చేసే పనికి ఆ ఖర్చు దండగ కాదని గట్టిగా చెబుతాను.

కళ్ల మంటకు వెలుతురు సంగతి చూడండి. కొత్త మానిటర్లు చాలావరకు ఎక్కువ బ్రైట్‌నెస్‌తో వస్తాయి. తెర పక్కన తెల్ల కాగితం పట్టుకుని, రెండూ ఇంచుమించు ఒకేలా కనిపించేదాకా తగ్గించండి. కిటికీ మీకు ఎదురుగానో వెనకగానో కాక పక్కన ఉండాలి. తెర చూసేటప్పుడు రెప్పలు వేయడం తగ్గి కళ్లు పొడిబారతాయి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమంటారు డాక్టర్లు. ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి తగలనివ్వకండి.

ఇక స్ప్రే వద్దే వద్దు. అందులోని రసాయనాలు తెర మీది మ్యాట్ పూతను పాడుచేయవచ్చు. పైగా నేరుగా కొడితే ద్రవం జారి కింది అంచులోంచి లోపలికి దిగుతుంది. న్యూస్‌పేపర్‌తో రుద్దినా గీతలు పడతాయి. స్విచ్ ఆపి, మైక్రోఫైబర్ గుడ్డతో దుమ్ము మెల్లగా తీయండి. మరకలుంటే గుడ్డను కొంచెం తడిపి తుడవండి. బోరు నీళ్లు చారలు మిగులుస్తాయి, ఫిల్టర్ నీళ్లు వాడండి. బాగా ఆరాకే ఆన్ చేయండి. ఇప్పటికే స్ప్రే కొట్టి ఉంటే, కింది అంచు దగ్గర గీతలో మచ్చలో కనిపిస్తున్నాయేమో చూడండి. కనిపిస్తే ప్లగ్ తీసేసి సర్వీస్ వాళ్లను పిలవండి.