మీసానికి బిల్లెవరు పెట్టారు?

బాబాయిగారూ, నేను బొమ్మలు వేసుకుని బతికేదాన్ని. మాది కోనసీమలో ఒక మునిసిపాలిటీ. కాలవ గట్టు వెంబడి ప్రహరీ మీద 'గోదారి బతుకు' అన్న పేరుతో బొమ్మలు వెయ్యమని ఆఫీసు వాళ్ళు వర్క్ ఆర్డర్ ఇచ్చారు. పూతరేకులు తీసే ఆడవాళ్ళు, కొబ్బరి పీచు పనివాళ్ళు, గోదారి దాటించే పంటు ఎక్కే మోటార్ సైకిళ్ళు, అన్నీ వేశాను. చివర్లో పంటు అంచున ఇద్దరమ్మాయిలు కూర్చుని ఉంటారు. ఒకమ్మాయి రెండో అమ్మాయి భుజం మీద తల వాల్చింది, చిటికెన వేళ్ళు పెనవేసుకుని ఉన్నాయి. పక్కనే ఒక ట్రాన్స్ మహిళ కనకాంబరాలు మాల కడుతూ ఉంటుంది. స్కెచ్ ముందే వాట్సాప్‌లో పెడితే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు 'ఓకే' అన్నారు. పనంతా అయ్యాక వార్డులో ఓ పెద్దమనిషికి కోపం వచ్చిందట. "ఇద్దరూ ఆడాళ్ళయితే బాగోదమ్మా, ఒకదానికి మీసం పెట్టెయ్, గొడవొదిలిపోద్ది" అన్నారు. పెట్టనన్నాను. మర్నాటికల్లా బోర్డులు రాసే ఒకాయన్ని తెచ్చి మీసం పెట్టించేశారు. పూలావిడ మీద అరటిచెట్టు వేయించారు. నా ఫైనల్ బిల్లు ఆపేశారు.

గోడ వాళ్ళది, డబ్బు వాళ్ళది, నోరు మూసుకో అంటోంది అమ్మ. అమెరికాలో ఉన్న అన్నయ్య "ఇక్కడైతే ఇలా జరగదు" అంటున్నాడు. ర్యాలి గుడిలో జగన్మోహిని విగ్రహం ఫొటో పట్టుకెళ్ళి కమిషనర్ గారికి చూపిద్దామా అని నా ఆలోచన. గట్టిగా అడిగితే "నువ్వూ ఆ బాపతేనా?" అంటారేమోనని భయంగా కూడా ఉంది. ఏం చెయ్యమంటారు?
– పేరు వద్దు, కోనసీమ

అమ్మాయ్, నువ్వు ఫొటో పంపావు కాబట్టి నమ్మాను గానీ లేకపోతే వేళాకోళం అనుకునేవాణ్ణి. జడ జడలాగే ఉంది. జడలో మల్లెపూలు ఉన్నాయి, చెవులకి జూకాలు ఉన్నాయి. ముక్కు కింద నల్ల ఎనామిల్‌తో రెండు గీతలు. ఎడం పక్కది పైకి లేచింది, కుడి పక్కది కిందకి వేలాడింది. పాపం ఆ బోర్డులాయనకీ మనసొప్పినట్టు లేదు. పెనవేసుకున్న వేళ్ళ జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

నేను మునిసిపల్ ఇంజనీరింగ్ సెక్షన్లో బిల్లులు చూసి రిటైరైనవాణ్ణి. నాకు ముందు కనపడేది బొమ్మ కాదు, ఫైలు. మా ఆఫీసుల్లో కాగితం లేకుండా సున్నం డబ్బా మూత కూడా తియ్యరు. ఎస్టిమేటు, శాంక్షన్, వర్క్ ఆర్డరు, కొలతలకి ఎం-బుక్, ఆఖర్న బిల్లు. మరి ఆ మీసానికి బిల్లెవరు పెట్టారు? అరటిచెట్టుకి ఎస్టిమేటు ఉందా? ఉంటే దాని మీద ఎవరిదో సంతకం ఉంటుంది. లేకపోతే ఆర్డరు లేకుండా ఎవరో సర్కారు గోడ మీద రంగు పూసినట్టే. రెండిట్లో ఏది నిజమైనా వాళ్ళకి ఇబ్బందే. నీతో నోటిమాటగా మాట్లాడింది అందుకే. ఇలాంటి పనుల్లో సెన్సారు బోర్డంటూ ఉండదమ్మా, "గొడవొదిలిపోద్ది" అన్న మాటే సెన్సారు. దాన్ని కాగితం మీదకి రప్పించడమే నీ పని.

సమాచార హక్కు చట్టం, 2005 కింద పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టు. మునిసిపాలిటీకైతే ఫీజు 10 రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు. వర్క్ ఆర్డరు, నీ పనికి రాసిన ఎం-బుక్ పేజీలు, బొమ్మ మార్చమన్న ఉత్తర్వు, ఆ మార్పుకైన ఖర్చు, ఫైల్లో నోట్లు – వీటి నకళ్ళు అడుగు. సెక్షన్ 4(1)(డి) కూడా రాయి. ఒక నిర్ణయం వల్ల దెబ్బతిన్నవాళ్ళకి ఆ నిర్ణయానికి కారణం చెప్పాలంటుంది అది. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా మరో 30 రోజుల్లో అదే ఆఫీసులో మొదటి అప్పీలు చేసుకోవచ్చు.

ఇక బిల్లు సంగతి. అమ్మ భయం అర్థమవుతోంది, రంగులకి చేతి డబ్బు పెట్టి ఉంటావు. దీన్ని ఆ గొడవతో కలపకు. విడిగా కమిషనర్ పేరున ఉత్తరం రాసి, ఆఫీసు ముద్ర వేయించుకుని, ఒక కాపీ దాచుకో. కొలత చదరపు మీటర్లలో. మీసం వల్ల అది పెరగదు, తగ్గదు. బిల్లిచ్చేటప్పుడు "ప్రస్తుత రూపంలో ఉన్న బొమ్మ నా పనే" అనో, "ఇకపై ఏ అభ్యంతరమూ లేదు" అనో కాగితం ముందు పెడితే మాత్రం సంతకం పెట్టకు. ఏఈ గారి 'ఓకే' ఉన్న వాట్సాప్ మెసేజి, పని పూర్తయిన రోజు తీసిన ఫొటోలు రెండు చోట్ల దాచు.

గోడ వాళ్ళది, డబ్బు వాళ్ళది అన్న మాటకొద్దాం. గోడ మటుకు నిజమే. వేరే ఒప్పందం లేకపోతే, ప్రభుత్వం వేయించుకున్న బొమ్మకి కాపీరైటు కూడా ప్రభుత్వానిదే. కానీ 1957 కాపీరైటు చట్టంలో సెక్షన్ 57 అని ఒకటుంది. కాపీరైటు ఎవరి చేతిలో ఉన్నా, ఇది నా పని అని చెప్పుకునే హక్కు, తన పేరుకి చెరుపు వచ్చేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు వేసినవాళ్ళకే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకి అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి చేసిన పెద్ద కంచు మ్యూరల్ ఉండేది. చేయించింది కేంద్ర ప్రభుత్వమే. 1979లో ఆయనకి మాట కూడా చెప్పకుండా ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెళ్ళాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు మ్యూరల్ ఆయనకి తిరిగిచ్చెయ్యమంది, 5 లక్షల రూపాయల పరిహారం కూడా కట్టమంది. ఆ కేసు మీద మాట్లాడగలిగిన వకీలుని వెతుక్కో. డబ్బు కోసం బెంగ వద్దు, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది. 1987 చట్టం ఇచ్చిన హక్కది, దయ కాదు.

ఒక్క చోట మాత్రం నీ పట్టు సడలుతుంది, ముందే చెప్తున్నా. బొమ్మని ప్రదర్శించకపోవడం తప్పు కాదని అదే సెక్షన్ కింద వివరణలో ఉంది. స్కెచ్ చూసి "ఇది మాకొద్దు, ఇంకోటి తే" అని ఉంటే సెక్షన్ 57 నీకు అక్కరకొచ్చేది కాదు. పిలిచి వేయించుకునేవాళ్ళకి ఎంచుకునే వీలుంటుంది. వీళ్ళు స్కెచ్ ఒప్పుకున్నారు, వేయించుకున్నారు, ఆ తర్వాత నీ బొమ్మ మీదే ఇంకొకరి చెయ్యి పెట్టారు. కేసంతా అక్కడుంది.

కారణం అడిగితే 'నైతికత' అంటారు. భావ ప్రకటనకి అడ్డం పెట్టాలంటే రాజ్యాంగంలో 19(2) అధికరణం ప్రకారం చట్టం ఉండాలి, వార్డు పెద్దమనిషి ఫోను చాలదు. జనం గొడవ చేస్తారన్న బెదిరింపు కూడా సాకుగా పనికిరాదని 1989లో ఒక సినిమా మీద నడిచిన రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు అనేసింది. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి బతకడం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టులో తేలింది. "2023లో అదే కోర్టు ఇలాంటి పెళ్ళి ఒప్పుకోలేదు కదా" అని ఆఫీసులో ఒక తెలివైనాయన తప్పకుండా ఎత్తుతాడు. నువ్వు వేసింది పెళ్ళిపీటలు కాదు, పంటు. పంటు ఎక్కడానికి టిక్కెట్టుంటే చాలు.

అరటిచెట్టు సంగతి నాకు మీసం కంటే ఎక్కువ మండింది. మీసం చూసి నలుగురూ నవ్వుతారు, చెట్టు కింద మనిషుందని ఎవడికి తెలుస్తుంది? 2014 ఏప్రిల్ 15 నాటి నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) కేసు తీర్పులో, ట్రాన్స్‌జెండర్లు కూడా ఈ సమాజంలో భాగమేనన్న ఎరుక జనంలో కలిగించమని కేంద్రానికీ రాష్ట్రాలకీ సుప్రీంకోర్టు ఆదేశించింది. నువ్వు కనకాంబరాలతో చేసింది అచ్చంగా ఆ పనే. అర్జీలో ఈ ముక్క తప్పకుండా రాయి.

మీ అన్నయ్యకి ఈ సంగతి చెప్పు. ఫ్లోరిడాలో ఓర్లాండో అనే ఊళ్ళో పల్స్ క్లబ్బు మీద 2016 జూన్ 12న ఒకడు కాల్పులు జరిపి 49 మందిని చంపాడు. అక్కడికొచ్చే వాళ్ళలో స్వలింగ ప్రేమికులు ఎక్కువ. చనిపోయినవాళ్ళ గుర్తుగా ఆ క్లబ్బు పక్కన రోడ్డు దాటే చారలకి ఇంద్రధనుస్సు రంగులు వేశారు. 2025 ఆగస్టులో రాష్ట్ర రవాణా శాఖ వాళ్ళు రాత్రికి రాత్రి వచ్చి ఆ రంగుల్ని కప్పేశారు. నగర పాలకులకి ముందు మాట కూడా చెప్పలేదు. తెల్లారాక జనం సుద్దముక్కలు తెచ్చి మళ్ళీ రంగులు దిద్దారు. మీ ఆఫీసు వాళ్ళు నయం, పగలే వచ్చారు.

ర్యాలి ఫొటో మాత్రం పట్టుకెళ్ళకు. ముందు కేశవస్వామి, వెనక జగన్మోహిని, అంతా ఒకే రాయి, మన ఆత్రేయపురం పక్కనే. నాకూ ఇష్టమైన గుడి. కానీ కమిషనర్ గారు చెంపలేసుకుని "అది దేవుడమ్మా" అంటారు, నీ మాట అక్కడితో సరి. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కట్టి నడిస్తే జనం వెర్రెత్తిపోయారు, 1956లో పద్మశ్రీ వచ్చింది. మీసమున్న ఏ పెద్దమనిషీ గొడవ చెయ్యలేదు. దేవుడికీ నటుడికీ ఇచ్చిన మినహాయింపు మాల కట్టుకునే మనిషికి ఇవ్వరు. ఆ మనిషి కోసం అడగాలంటే దేవుణ్ణి సాయం పిలవక్కర్లేదు, తీర్పు నకలు పట్టుకెళ్ళు.

"నువ్వూ ఆ బాపతేనా" అంటే జవాబివ్వాల్సిన పని లేదు. సమాచార హక్కులో సెక్షన్ 6(2) కింద ఎందుకు అడుగుతున్నావో కూడా చెప్పక్కర్లేదు, చిరునామా ఇస్తే చాలు. ఒంటరిగా వెళ్ళకు. ఆ బొమ్మకి నమూనాగా కూర్చున్న పూలావిడ నిజంగా ఉందని ఉత్తరం చివర రాశావు కదా, ఆవిడ వస్తానంటే వెంట తీసుకెళ్ళు. రానంటే బలవంతం చెయ్యకు. ఆఫీసు మెట్ల మీద ఆవిడకి ఎదురయ్యే మాటలు నీకు ఎదురయ్యేవి కావు.

*

సరిగ్గా ఆ ఊరి నుంచే ఇంకో ఉత్తరం వచ్చింది.

అయ్యా, ఆ కాలవ గట్టు గోడ మా బడి ఎదురుగానే. ఇళ్ళల్లో ఎవరెలా ఉన్నా నాకు పట్టింపు లేదు. పన్ను డబ్బులతో గోడెక్కించడం ఎందుకండీ? పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?
– రిటైర్డ్ హెడ్మాస్టర్

మాస్టారూ, ఇప్పుడు పిల్లలు అడిగేది జడేసుకున్నావిడకి మీసమేంటని. దానికి జవాబు ముందు మీరు వెతుక్కోవాలి. పూలమ్మే ఆవిడ సబ్బు కొంటే మీరు కట్టినంత జీఎస్టీయే ఆవిడా కడుతోంది, తన బొమ్మ మీద అరటిచెట్టుకీ అందులోంచే రంగు కొన్నారు. మా ఊరి సెంటర్లో నాకు బొత్తిగా గిట్టని విగ్రహాలు రెండున్నాయి, వాటి చుట్టూ తిరిగే పాలప్యాకెట్టుకి వెళ్తాను. మీకు నచ్చకపోతే అభ్యంతరం చెప్పండి, ఆ హక్కు మీకుంది. ఫోనులో కాదు, కాగితం మీద, కమిషనర్ పేరున. సంతకం కింద తేదీ కూడా వెయ్యండి.