కారు సందేహాలు: లప్పం కింద తుప్పు

ప్రశ్న: సార్ నమస్తే, మాది విశాఖపట్నం, ఇల్లు బీచ్‌కి దగ్గరే. నాన్నగారు 1999లో కొన్న తెల్ల మారుతి 800 ఇప్పటికీ నేనే నడుపుతున్నా. ఇంజిన్ బాగుంది కానీ డోర్ల కింది అంచుల్లో పెయింట్ బుడగలొచ్చి పొరలు పొరలుగా రాలుతోంది, డ్రైవర్ వైపు రన్నింగ్ బోర్డు (డోర్ కింద పొడవుగా ఉండే రేకు) వేలితో నొక్కితే లోపలికి పోతోంది. ఇంతకుముందు లప్పం (గుంటలు పూడ్చే పుట్టీ) పెట్టించి పెయింట్ వేయిస్తే ఒక్క వానాకాలం కూడా ఆగలేదు. ఇప్పుడు ఒక షాపులో మళ్లీ లప్పం పెట్టి ఫుల్ పెయింట్ కొట్టేద్దాం అంటున్నారు, ఇంకో టింకరింగ్ మేస్త్రీ కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చెయ్యాలి అంటున్నాడు, మా అన్నయ్యేమో అమ్మేసెయ్ అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ఆ రెండో మేస్త్రీ మాట వినండి. మీ డోర్లకి తుప్పు బయట నుంచి రాలేదు, లోపల మొదలై బయటికొచ్చింది. అద్దం దిగేచోట ఉండే రబ్బరు బీడింగ్ పాతబడి గట్టిపడితే వాన నీళ్లు డోర్ లోపలికి దిగుతాయి, అవి పోవడానికే కింది అంచున చిన్న కన్నాలు ఉంటాయి, వాటిలో మట్టి పేరుకుంటే నీళ్లు అక్కడే నిలబడిపోతాయి. పైగా మీది సముద్రం గాలి, ఉప్పు కలిసిన తేమ ఆ మడత రేకుల మధ్యలో చేరితే తుప్పు మామూలు కన్నా చాలా స్పీడుగా తింటుంది. మీకు బుడగ కనిపించేసరికి వెనకాల రేకు సగం పోయి ఉంటుంది. అలాంటి రేకు మీద లప్పం పెడితే లప్పం కూడా తేమ పీలుస్తుంది, తుప్పు కింద తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది, అందుకే పోయినసారి పెయింట్ నిలవలేదు, ఎంత ఖరీదైన పెయింట్ వేసినా అంతే అయ్యేది.

ముందు రన్నింగ్ బోర్డు చూడాలి, అదే అసలు సమస్య. ఈ కారుకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది, అందులో రన్నింగ్ బోర్డు ముఖ్యమైన భాగం. అక్కడ లప్పం గానీ ఫైబర్ ముక్క గానీ అతికించనివ్వకండి, దయచేసి. మంచి రేకు తగిలేదాకా కోసి, కొత్త రేకు పెట్టి వెల్డింగ్ చెయ్యాల్సిందే. పల్చటి రేకు కాబట్టి ఒకేసారి గీతలాగా లాగేస్తే వేడికి వంకర తిరుగుతుంది, చుక్కలు చుక్కలుగా, ఇక్కడో చుక్క అక్కడో చుక్క వేసుకుంటూ పోవాలి. ఆ పని మొదలుపెట్టే ముందు సీట్లు, కింద మ్యాట్లు తీసేశారా, బ్యాటరీ వైరు పీకేశారా, పెట్రోల్ ట్యాంకు పైపుల దగ్గర జాగ్రత్త తీసుకున్నారా అని మీరే నిలబడి చూసుకోండి, నిప్పురవ్వ మ్యాట్ మీద పడితే కారే పోతుంది. అన్నట్టు, పంక్చరైతే ఆ మెత్తబడ్డ చోట జాకీ పెట్టకండి, రేకు చిరిగి కారు కిందికి జారిపోతుంది.

డోర్ల విషయంలో ఇంకో దారి ఉంది. అడుగు మొత్తం పోతే కోసి అతికించే కూలీ కన్నా ఆటోనగర్‌లో మంచి పాత డోర్ దొరికితే అదే చౌక పడొచ్చు, బోల్టులు విప్పి మార్చడమే కదా. అయితే కొనేముందు చిన్న అయస్కాంతం పట్టుకెళ్లి కింది అంచు వెంట పెట్టి చూడండి, అతుక్కోని చోట లప్పం మందంగా ఉందని అర్థం, అలాంటిది వద్దు.

కన్నం పడకుండా పైపైన తుప్పు ఉన్నచోట వైర్ బ్రష్, తర్వాత 80 నంబర్ ఎమరీ పేపర్ పెట్టి రేకు మెరిసేదాకా గీకాలి. ఎంత గీకినా చిన్న చిన్న నల్ల చుక్కలు మిగులుతాయి, చూడ్డానికి ఏముందిలే అనిపిస్తుంది గానీ మళ్లీ మొలిచేది వాటిలోంచే, అక్కడ తుప్పుని గట్టి పొరగా మార్చే రస్ట్ కన్వర్టర్ అనే మందు రాసి డబ్బా మీద రాసినట్టు ఆరనివ్వాలి. బోసి రేకుని మీ ఊరి గాలికి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రగా అయిపోతుంది, కాబట్టి వీలైతే ఆరోజే ఎపాక్సీ ప్రైమర్, అంటే రేకుకి తేమ తగలకుండా ఆపే మొదటి కోటు, కొట్టించండి. లప్పం పెడితే ఆ ప్రైమర్ మీదే, రెండు మూడు మిల్లీమీటర్లు దాటకుండా, పొడి పేపర్‌తోనే రుద్దాలి, తడిపి రుద్దే నీళ్ల పేపర్ ప్రైమర్ మీదే వాడాలి. హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే పీయూ (పాలీయురేథేన్) పెయింట్ గట్టిగా నిలుస్తుంది కానీ కొట్టేటప్పుడు లేచే ఆ సన్నటి తుంపర ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, మూతికి గుడ్డ కట్టుకుంటే సరిపోదు, ఇంటి షెడ్డులో మాత్రం వెయ్యొద్దు. వానల్లో కాకుండా సంక్రాంతి తర్వాత పెట్టుకోండి.

అన్నీ అయ్యాక డోర్ లోపల, రన్నింగ్ బోర్డు లోపల క్యావిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో కొట్టే మైనం) కొట్టించండి, నీళ్లు పోయే కన్నాలు మూసుకుపోకుండా చూసుకోండి. చాలామంది ఈ లోపలి పని అడగరు, డబ్బులన్నీ మెరుపు మీదే పెడతారు, నాకు చాలా బాధనిపించే విషయం ఇది. అడుగున తుప్పు అలాగే ఉంచి నల్ల కోటింగ్ కొట్టించడం కూడా అంతే, తేమని లోపల పెట్టి మూత వేసినట్టు.

అమ్మాలా వద్దా అంటే, కారుని లిఫ్ట్ ఎక్కించి సస్పెన్షన్ బాడీకి బిగించే చోట్లు స్క్రూడ్రైవర్ పిడితో తట్టించి చూడండి. ఖంగుమంటే బాగు చేయించుకోండి, సంతోషంగా నడుపుకోండి. అక్కడ కూడా మెత్తగా డొల్లగా ఉంటే మీ అన్నయ్య మాటే రైటు, పెయింట్‌కి రూపాయి కూడా పెట్టకండి. ఇంకోటి, రంగు మార్చాలనుకుంటే ఆర్‌టీఓలో చెప్పి ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి, తెలుపే ఉంచితే ఆ గొడవ లేదు.

ప్రశ్న: నాది సిల్వర్ కలర్ పాత కారు, కరీంనగర్. ఒక్క డోర్ పెయింట్ వేయించిన, ఎండల చూస్తే షేడ్ తేడా కనిపిస్తంది. పెయింట్ కోడ్ కరెక్టే ఇచ్చిన, మరి ఎందుకిట్లయింది?

జవాబు: కోడ్ కొత్త కారు షేడ్‌ది అండి, మీ కారు ఎండకి వెలిసింది. సిల్వర్‌లో ఇంకో చిక్కు, పెయింట్ తడిగా కొట్టారా పొడిగా కొట్టారా అన్నదాన్ని బట్టి అందులోని మెరుపు పొడి పడుకునే తీరు మారి షేడ్ మారిపోతుంది. డోర్ అంచు దగ్గర ఆపకుండా పక్క ఫెండర్ (ముందు చక్రం పై రేకు) మీదికి, వెనక డోర్ మీదికి పల్చగా కలుపుకుంటూ పోయి, మూడిటి మీదా పూర్తిగా క్లియర్ కోట్ (రంగు లేని మెరుపు పొర) వెయ్యమనండి. ముందు ఒక రేకు ముక్క మీద కొట్టించి, ఆరాక క్లియర్ వేసి, ఎండలో కారు పక్కన పెట్టి చూశాకే ఒప్పుకోండి.